నడుమెత్తు పొయ్యి

ఇస్తారి తాటిచెట్టు మీది నుంచి పడింది ఎనభై ఏడు వానాకాలంలో. తెల్లవారకముందు చినుకు పడి ఆగింది, చెట్లు ఇంకా తడి మీదే ఉన్నాయి. ఎండ వచ్చేదాకా ఆగుదామని తోటివాళ్లు అన్నారు. ఇస్తారి ఆగలేదు. ప్రాణం దక్కింది గానీ కుడి మోకాలు దక్కలేదు. సిద్దిపేట దవాఖానలో కట్టు కట్టారు. కట్టు విప్పాక ఆకుపసరు కట్టే ముసలాయన దగ్గరికి కూడా మోసుకుపోయారు. ఇద్దరి చేతులూ పడ్డాక ఆ కాలు నిలబడటానికి పనికొచ్చింది, కట్టె పట్టుకుని నడవటానికి పనికొచ్చింది. మడవమంటే మాత్రం మడవలేదు. మోకాలు మడవకుండా తాటిచెట్టు ఎక్కిన మనిషి ఇంతవరకు ఎవరూ లేరు.

అప్పటికి అతనికి ముప్పై దాటింది. మీసం రాకముందే నడుముకు మోకు చుట్టుకున్నవాడు. పట్నం చివర గౌండ్ల వాడలో రెండు అర్రల పెంకుటిల్లు. ఇంట్లో తల్లి రాములవ్వ, భార్య దుర్గవ్వ, నాలుగేళ్ల కూతురు సుశీల. కల్లు మీద ఇల్లు నడిచినన్నాళ్లూ దుర్గవ్వ తీరిక దొరికినప్పుడు బీడీలు చుట్టేది. ఇస్తారి మంచాన పడ్డాక బీడీల మీదే ఇల్లు నడవాల్సి వచ్చింది. రాములవ్వ ఎప్పుడో మానేసిన కలుపు పనికి మళ్లీ బయల్దేరింది. పొద్దున్నే ముసలామె చేనుకు, దుర్గవ్వ ఒళ్లో చాట పెట్టుకుని అరుగు మీదికి. ఇంట్లో ఇస్తారి, నులకమంచం, పిల్ల మిగిలేవాళ్లు.

ఆ వాడలో ఆడవాళ్లందరూ బీడీలు చుట్టేవాళ్లే. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, మడిచి, దారం చుట్టడం పొద్దంతా సాగుతుంది. తంబాకు వేళ్లలోకి దిగుతుంది. బూడిద పెట్టి తోమినా, చింతపండు రుద్దినా రంగు కాస్త తగ్గుతుందే గాని చేదు పోదు. గంటెతో కలిపే కూరకు ఆ బాధ లేదు. చేత్తో చేయాల్సిన వాటికే వచ్చింది చిక్కంతా. పచ్చిపులుసుకు ఉల్లిగడ్డ చేత్తో పిసకాలి. సర్వపిండికి పిండి చేత్తో కలిపి, గిన్నె లోపల చేత్తోనే అద్దాలి. ఆ వాడ సర్వపిండి తింటే నాలుక చివర సన్నగా ఒక చురుకు తగులుతుంది. మగవాళ్లకు అది అలవాటైపోయి, సర్వపిండి రుచే అంత అనుకునేవాళ్లు. ఇస్తారీ అలాగే అనుకున్నాడు, సుశీల ముద్ద ఉమ్మేసేదాకా.

ఒకరోజు మధ్యాహ్నం దుర్గవ్వ చాట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, పచ్చిపులుసు పోసి అన్నం కలిపి పిల్ల నోట్లో పెట్టింది. పిల్ల ముఖం చిట్లించి ఉమ్మేసింది.

"చేదున్నది."

"చేదు లేదు గీదు లేదు. మింగు. అక్కడ కట్టలు గట్ల పడున్నయి, కార్ఖానకు యాల్లయితది."

"నీ చెయ్యి చేదు. బాపు పెడితె తింట."

"బాపు పెట్టు మరి. ఊకెనే పండుకున్నడు గద," అంది దుర్గవ్వ. అనేశాక నాలుక కరుచుకుంది.

ఇస్తారి లేచి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కంచంలో వేరే అన్నం పెట్టించుకుని తనే కలిపాడు. పిల్ల రెండు ముద్దలు తిని మూడో ముద్దకు తల అడ్డంగా ఊపింది. అన్నం కలిపింది తండ్రే అయినా, పచ్చిపులుసులో ఉల్లిగడ్డ పిసికింది తల్లి. ఇస్తారి వేలు ముంచి నాకి చూశాడు. పుట్టినప్పటి నుంచి తింటున్న పులుసే. అందులో తంబాకు ఉందని ఆరోజే తెలిసింది.

మర్నాడు దుర్గవ్వ ఉల్లిగడ్డలు కోసి గిన్నెలో వేయగానే, "గిన్నె ఇటియ్యి. పిసుకుడే గద, నేను పిసుకుత," అన్నాడు.

"నువ్వా?" అని నవ్వింది దుర్గవ్వ. గిన్నె మాత్రం ఇచ్చింది.

మొదలైంది ఆ పిసకడంతోనే. నాలుగు రోజులకు, కోసిన ముక్కలు లావుగా ఉన్నాయి, ఉప్పు పట్టడం లేదన్నాడు. దుర్గవ్వ కత్తిపీట వాడేది. మడవని కాలుతో అతను పీట ముందు కూర్చోలేడు. గోడకు వేలాడుతున్న ముస్తాదు తోలుసంచిలో కల్లు గీసే కత్తులు ఉన్నాయి గానీ చెట్టు కత్తితో ఉల్లిగడ్డ కోయడానికి చేయి రాలేదు. పాత కొడవలి ముక్క ఒకటి తెప్పించుకుని, చెట్టు కత్తిని నూరినట్టే ఇసుక చల్లిన చెక్క మీద నూరాడు. తాటిగెల కొనను రోజుకు రెండుసార్లు పొరగా చెక్కిన చెయ్యి అది. పొర మందమైతే గెల పాడవుతుంది, పలచనైతే కల్లు రాదు. ఆ చేతికి ఉల్లిగడ్డ ఒక లెక్కా? మంచం మీద పలక పెట్టుకుని ఒక గడ్డ కోసి చూపిస్తే దుర్గవ్వ ఒక ముక్క ఎత్తి వెలుతురుకు పెట్టి చూసింది.

"అవతల అరుగు అగుపిస్తున్నది దీంట్లకెల్లి," అంది.

కోయడం వచ్చాక ఊరుకోలేకపోయాడు. పోపు మాడిందని, ఉల్లిగడ్డ వేగకముందే కారం వేశావని మంచం మీది నుంచే అనడం మొదలుపెట్టాడు. దుర్గవ్వ రెండు రోజులు విని మూడో రోజు గంటె తెచ్చి మంచం మీద పెట్టింది.

"నువ్వే చేసుకో. నోటితోని చేస్తె కాదు, చేత్తోని చెయ్యి."

చేయడానికి అతను సిద్ధమే. పొయ్యి నేల మీద ఉంది. కూర్చుంటే లేవలేడు, వంగితే నిలబడలేడు. వెనక పెరట్లో కూలిన గోడ రాళ్లు ఉంటే రెండు పూటలు కట్టెసాయంతో ఒక్కొక్కటే లోపలికి చేర్చి, మట్టి మెత్తి, వంటర్రలో తన నడుమంత ఎత్తు దిమ్మె కట్టాడు. దాని మీద పొయ్యి పెట్టాడు. సాయంత్రం చేనుకాడి నుంచి వచ్చిన రాములవ్వ గడపలోనే ఆగిపోయింది.

"ఇదేందిరా? పొయ్యి గాలిల పెట్టినవ్?"

"నిలవడి వండుతందుకే, అవ్వ."

"ఎవరు వండుతందుకు?"

ఇస్తారి చేతులకంటిన మట్టి దులుపుకున్నాడు. దుర్గవ్వ చాటలోంచి తల ఎత్తలేదు. ముసలామె ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, అర్థమయ్యాక గడప మీదే కూలబడింది.

"నీ బాపు నలభై చెట్లు ఎక్కిండు. నీళ్లు కావాలన్న నోరు తెరిచి అడిగెటోడు కాదు, నేను చూసి ఇచ్చేదాన్ని. ఆయన కొడుకువు నువ్వు, గంటె పడ్తవా? వాడ ఏమంటది?"

"వాడకు చెప్తున్నమా?" అన్నాడు ఇస్తారి.

ఆ మాటే ఇంటి కట్టడి అయింది. వంటయ్యేదాకా ముందు తలుపు దగ్గరగా వేసి ఉండేది. ఎవరైనా పిలిస్తే గంటె దుర్గవ్వ చేతిలోకి, చాట మంచం కిందికి పోయేవి. పక్కింటికి గిన్నెలో కూర పోతే "మా కోడలు పంపింది" అని రాములవ్వే తీసుకుపోయేది. నెల తిరక్కుండా దుర్గవ్వ చేతివంటకు వాడలో పేరొచ్చింది. బోరింగు దగ్గర ఆడవాళ్లు ఆమెను ఆపి అడిగేవాళ్లు, మక్కగారెలు నూనె తాగకుండా ఎట్ల చేస్తున్నవని.

"ఏమున్నది, చూసి చేసుడే," అని బిందె ఎత్తుకుని వచ్చేసేది. వచ్చి మొగుణ్ణి అడిగేది. "ఎట్ల చేస్తవ్ నిజంగ? రేపు మళ్ల అడిగితె ఏం చెప్పాలె?"

"ఉల్లిగడ్డ ఆఖరుకు ఎయ్యాలె. ముందే ఏస్తె నీళ్లు విడుస్తది, పిండి జారైతది. జారుపిండి నూనె తాగుతది."

సర్వపిండికి దీన్ని తలకిందులు చేసేవాడు. అక్కడ ఉల్లిగడ్డకే ముందుగా ఉప్పు పట్టించి పక్కన పెట్టేవాడు. అది విడిచిన నీళ్లలోనే బియ్యప్పిండి, నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, దంచిన పచ్చిమిరప వేసి కలిపేవాడు. విడిగా నీళ్లు పోస్తే చిటికెడే. పిండి గిన్నె లోపల పలచగా అద్ది, వేలితో బొక్కలు పెట్టి, బొక్కకో చుక్క నూనె వేసి, సన్నని సెగ మీద మూత పెట్టి నిలబడేవాడు. సర్వపిండి అడుగు ఎర్రగా కాలి, అంచు గిన్నెను వదిలేటప్పుడు ఒక వాసన వస్తుంది. ఆ వాసన కోసం చెట్టు మీద గాలి కోసం చూసినంత ఓపికగా చూసేవాడు. సుశీల గిన్నె ఊడ్చి తినేది. ఆ పిల్ల బుగ్గలు నిండాయని రాములవ్వకూ తెలుసు. ఆ మాట మాత్రం ఆమె పైకి అనలేదు.

ఆమె భయం వేరే ఉంది. చెట్లు వాడవాళ్ల సంఘానివి. ఎక్కేవాడికే చెట్టు అనేది కట్టుబాటు. పడ్డవాడికి ఒక ఏడాది గడువు ఇస్తారు. అతని తరఫున ఇంకొకరు ఎక్కి, కల్లులో సగం అతని ఇంటికి పంపాలి. ఇస్తారి తరఫున ఎక్కుతున్నది దుర్గవ్వ తమ్ముడు రాజమల్లయ్య. ఏడాదీ ఒక్కరోజు తప్పకుండా సగం ఇచ్చాడు. గడువు దసరాతో అయిపోతుంది. తర్వాత ఇస్తారి ఎక్కాలి, లేకపోతే చెట్లు రాజమల్లయ్యవి అవుతాయి. రాములవ్వ ఆ చెట్లనూ కొడుకు చేతిలో గంటెనూ ఒకచోట పెట్టి చూసింది.

"నా కొడుకు చేతికి గంటె ఎందుకు ఇచ్చినవో నాకు తెల్వదా?" అని ఒకరోజు కోడలి మీద పడింది. "వాడు పొయ్యికాడ మరిగితె చెట్టు మరుస్తడు. చెట్లు నీ తమ్మునికి పోతయి. నీ అవ్వగారి ఇల్లు నిండుతది."

దుర్గవ్వ చేతిలో ఉన్న ఆకు చిరిగిపోయింది. "నీ కొడుకు కాలు నేను విరగ్గొట్టలే అత్తా," అంది. ఆ పూట ఇద్దరూ తినలేదు. ఇస్తారి వండిన ఉల్లిగడ్డ పులుసు చల్లారిపోయింది.

దసరా ముందర సంఘం పెద్ద సిద్ధయ్య కబురు పంపాడు, ఆదివారం పొద్దెక్కాక ఇంటికి వస్తున్నామని. ఇలాంటి మాటకు వచ్చినవాళ్లు ఆ ఇంట్లో తినిపోవడం రివాజు. కోడిని కోయొద్దని, ఉన్నదే పెట్టమని కూడా చెప్పి పంపాడు. ఆ పొద్దున్నే రాములవ్వ కొడుకు మంచం పక్కన కూర్చుంది.

"దసరా దాటినంక ఎక్కుత అను. గంతే. ఎక్కేది ఎక్కనిది తర్వాతి మాట. ఇంకో ఏడాది ఇస్తరు. సిద్ధయ్య మీ బాపు దోస్తు, కాదనడు."

"మోకాలు మడుస్తలేదు గదనే, అవ్వ."

"మోకాలు ఎవడు చూస్తడురా? పంచె కింద ఉంటది. నువ్వు నోటితోని చెప్పు, చాలు."

ఇస్తారికి అది తప్పనిపించలేదు. సగం కల్లు ఇంకో ఏడాది వస్తే ముసలామె కలుపుకు పోనక్కర్లేదు. దుర్గవ్వ వెయ్యి బీడీలకు బదులు ఎనిమిది వందలే చుట్టి చాట దింపొచ్చు. చెప్పేద్దామనే నిర్ణయించుకున్నాడు. నిర్ణయించుకుని వంటర్రలోకి పోయి ఉల్లిగడ్డలు ముందేసుకున్నాడు. పెద్దమనుషులు వస్తున్నారు, సర్వపిండి చేయాలి, పచ్చిపులుసు పెట్టాలి, ఉడికిన శనగ గుడాలకు ఉల్లిగడ్డ పోపు వేయాలి. అబద్ధం సంగతి పెద్దగా ఆలోచించలేదు గాని, సర్వపిండి అంచు మాడకూడదని చాలా ఆలోచించాడు.

వాళ్లు వచ్చేసరికి అంతా అయింది. ఇస్తారి ఉతికిన పంచె కట్టుకుని, మడవని కాలు చాపుకుని మంచం మీద కూర్చున్నాడు. సిద్ధయ్య ముందు వచ్చాడు. అరవై దాటిన మనిషి, ఎండిన మట్టలాంటి ఒళ్లు, మాట్లాడితే ఒక కన్ను మూస్తాడు. వెనక రాజమల్లయ్య తలవంచుకుని కల్లులొట్టి పట్టుకొచ్చాడు. అక్క ముఖం చూడలేక గోడ వైపు కూర్చున్నాడు.

"ఏం రాజమల్లు, పిల్లను చూడ వచ్చినట్టు ముడుచుకున్నవ్," అన్నాడు సిద్ధయ్య. "ముందుగాల తిందం. కడుపుల ఏమన్న పడ్డంక మాట్లాడుకుంటె కోపం రాదు."

దుర్గవ్వ పళ్లేలు పెట్టింది. సర్వపిండి విరిచి వడ్డించింది. సిద్ధయ్య ఒక తుంట నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు, ఆగాడు, ఇంకో తుంట పెట్టుకున్నాడు. గుడాలు కొంచెం తిన్నాడు, పచ్చిపులుసు గిన్నె ఎత్తి జుర్రాడు. ఒక కన్ను మూశాడు.

"ఎవరు చేసిన్రు?"

"మా కోడలే," అంది రాములవ్వ. "దీని చెయ్యి మంచిగుంటది. వాడంత ఎరుకే."

"వాడల మా ఇల్లు గూడ ఉన్నది రాములవ్వ. మా ముసల్ది యాభై ఏండ్ల సంది బీడీలు చేస్తది. దాని సర్వపిండి తింటె నాలుక చివర సుర్రుమంటది. మా అవ్వ చేసిన దాంట్ల గూడ గంతే ఉండె." సిద్ధయ్య తుంట ఎత్తి చూపించాడు. "దీంట్ల ఆ సుర్రుమనుడు లేదు. అందుకే అడుగుతున్న."

రాజమల్లయ్య తింటున్నవాడు ఆగిపోయాడు.

"నేనే చేసిన పెద్దబాపు," అంది దుర్గవ్వ. "నిన్న చాట పట్టలే. చేతులు మంచిగ తోముకున్న."

అలా అంటూ చేతులు ముందుకు చాపింది. చాపకుండా ఉండాల్సింది. బొటనవేలు, చూపుడువేలు గోళ్ల దాకా గోధుమరంగులో ఉన్నాయి. పొద్దున పెద్దమనుషులు వచ్చేలోపు నాలుగు కట్టలు పూర్తి చేసుకుందామని కూర్చుంది, ఆ తంబాకు పొడి గోళ్ల సందుల్లో ఇంకా ఉంది. ఆమెకూ అప్పుడే కనిపించింది. చేతులు కొంగు కిందికి పోయాయి.

సిద్ధయ్య రొంటిన ఉన్న బీడీ తీశాడు. "నిప్పు ఉన్నదా లోపట?" అంటూ తనే లేచి వంటర్రలోకి పోయాడు.

లోపల అతను ఎంతసేపు ఉన్నాడో గానీ రాములవ్వకు అది చాలాసేపు అనిపించింది. దుర్గవ్వ పొట్టి మనిషి. ఆ పొయ్యి ఆమె రొమ్ముల దాకా వస్తుంది. దాని మీద వండాలంటే ఆమె పీట ఎక్కి నిలబడాలి. దిమ్మె పక్కన ఇస్తారి ఆనుకునే మొద్దు ఉంది. పక్కన పలక, దాని మీద కొడవలి ముక్క, ఆకు కన్నా పలచగా కోసిన ఉల్లిగడ్డ ముక్కలు ఇంకా మిగిలి ఉన్నాయి. గీసేవాడి చేతి కోత ఎలా ఉంటుందో సిద్ధయ్యకు ఎవరూ చెప్పక్కర్లేదు.

బీడీ ముట్టించుకుని వచ్చి మళ్లీ తన జాగలో కూర్చున్నాడు. పొగ వదిలాడు. పొయ్యి మాట ఎత్తలేదు, వంట మాట ఎత్తలేదు.

"సరే ఇస్తారి. గడువు అయిపోవట్టె. నేను ఒక్క మాట అడుగుత, నువ్వు ఒక్క మాట చెప్పు. దసరా దాటినంక ఎక్కుతవా?"

ఎక్కుతాననే మాట కోసమే సిద్ధయ్య అలా అడిగాడని అక్కడ ఉన్న అందరికీ అర్థమైంది. చూసిందంతా మింగేసి దారి ఇస్తున్నాడు. ఎక్కుతానంటే, "అయితే ఇంకో ఏడాది" అని లేచిపోతాడు. రాజమల్లయ్య కూడా కాదనేవాడు కాదు. రాములవ్వ కొడుకు వైపు చూస్తూ పెదవులు కదిపింది, ఆ మాట తనే అతని నోట్లో పెడుతున్నట్టు.

ఇస్తారి నోరు తెరిచాడు. దుర్గవ్వ కొంగు కింద చేతులు ఒకదానితో ఒకటి రుద్దుకుంటోంది, ఆ రంగు ఇప్పుడు పోతుందేమో అన్నట్టు. అతనికి పాపం అనిపించింది. ఇంకో సంగతి కూడా ఉంది, అది అంత గొప్పది కాదు. సిద్ధయ్య పళ్లెంలో సర్వపిండి అయిపోయింది. రెండు తరాలుగా వాడలో ఎవరూ తినని రుచి ఒకటి ఆ పళ్లెంలోకి వచ్చింది. అది ఇంకెవరో చేతులు బాగా తోముకుని చేశారని అనుకుంటే ఇస్తారి సహించలేకపోయాడు.

"ఎక్కలేను పెద్దబాపు," అన్నాడు. "మోకాలు మడుస్తలేదు. మడువది ఇగ. సర్వపిండి నేనే చేసిన. ఇన్ని నెలల సంది ఇంట్ల నేనే వండుతున్న."

రాములవ్వ లేచి బయటికి పోయింది. తలుపు గోడకు కొట్టుకుంది.

సిద్ధయ్య బీడీ ఆరిపోయింది. దాన్ని చెవి వెనక పెట్టుకున్నాడు. "గట్ల కాదురా. నేను అడిగిందేంది, నువ్వు చెప్పిందేంది? ఎక్కుతవా అంటె ఎక్కుత అనరాదు?"

"అంటె ఏమైతది? వచ్చే దసరాకు మళ్ల ఇట్లనే కూసుంటం."

"కూసుంటం. మళ్ల సర్వపిండి పెడ్తవ్. నష్టమేంది?" అన్నాడు సిద్ధయ్య. నవ్వలేదు. తర్వాత తల ఊపాడు. "సరే. నోట్లకెల్లి వచ్చింది, ఇగ వెనుకకు పోదు. చెట్లు రాజమల్లువి. వాగు పక్క రెండు ఈదుచెట్ల కల్లు మాత్రం ఈ ఇంటికి వస్తుండాలె. నేను ఉన్నన్ని రోజులు గిది నా మాట. ఏం రాజమల్లు?"

"నాకు సమ్మతమే," అన్నాడు రాజమల్లయ్య. అప్పుడు తల ఎత్తి దుర్గవ్వను చూశాడు. "అక్కా, నేను అడగలే ఈ చెట్లు. నీకు తెలుసు."

"తెలుసు. తిను," అంది దుర్గవ్వ.

ఇస్తారి కట్టె పట్టుకుని లేచి గోడకు ఉన్న ముస్తాదు దింపాడు. కత్తులు మొలకు తగిలించే ఆ తోలుసంచిని ఒకసారి దులిపి బామ్మర్ది ఒళ్లో పెట్టాడు. రాజమల్లయ్య పక్కనున్న మోకు కూడా అందుకోబోతే చేయి అడ్డం పెట్టాడు.

"అది ముట్టకు. లోపట పురి తెగింది నడుమ. బయటికి అగుపియ్యది. కొత్తది పేనుకో. వానకాలం ఎండ వచ్చినదాక ఎక్కకు, ఎవడు నవ్విన నవ్వనియ్యి."

"సరే బావ."

సిద్ధయ్య గడప దాటుతూ ఆగి వెనక్కి తిరిగాడు. "మా ముసల్దాన్ని పంపుత. పచ్చిపులుసు ఎట్ల చేసినవో దానికి చెప్పు. చేతులు ఎట్ల తోమాల్నో గూడ చెప్పు."

వాళ్లు పోయాక ఇల్లు ఖాళీ అయినట్టు అనిపించింది. గిన్నెలు కూడా ఖాళీ అయ్యాయి. గుడాలు లేవు, పులుసు లేదు, సర్వపిండి అంచు తుంట కూడా సుశీల తినేసింది. రాములవ్వ అరుగు చివర వీధి వైపు తిరిగి కూర్చుని ఉంది. దుర్గవ్వ చాట తెచ్చుకుని ఇంకో చివర కూర్చుంది. అత్త ఏదైనా అంటుందని ఎదురుచూసింది. ముసలామె తల తిప్పకుండానే అంది.

"నువ్వు చేతులు చాపకుంట ఉంటె ఆ మాట చెల్లుతుండె."

"అవును అత్తా," అంది దుర్గవ్వ.

"వాడు చెప్పినంక నేనే చేసిన అన్నవ్ సూడు, అది మంచిగనే అన్నవ్."

"ఆయన చెప్పకముందుకే అన్న."

"ఏదో ఒకటి," అంది రాములవ్వ, ఇంకా వీధి వైపే చూస్తూ. "రాత్రికి ఏముంది?"

ఏమీ లేదు. ఇస్తారి లోపల వెతికి గడప దాకా వచ్చాడు. ఉల్లిగడ్డలు పెట్టే తట్ట అడుగున పొట్టు మాత్రమే మిగిలింది. ఇన్నాళ్లూ గడ్డలు దుర్గవ్వే తెచ్చేది. మగమనిషి సంత నుంచి కూరగాయలు తెస్తే ఎందుకు తెచ్చాడని అడుగుతారని రాములవ్వ పోనిచ్చేది కాదు. తెచ్చిన వాటిలో సగం మెత్తబడ్డవో మొలకెత్తినవో ఉండేవి. ఇస్తారి రోజూ గొణుక్కుంటూ కోసేవాడు.

"సంచి ఇటియ్యి," అన్నాడు.

దుర్గవ్వ అత్త వైపు చూసింది. రాములవ్వ వీధి వైపు చూసింది. సంచి ఇచ్చింది.

కూరగాయల అంగడి దాకా నడవటానికి అతనికి చాలాసేపు పట్టింది. దారిలో కల్లు కంపౌండు ముందు కూర్చున్న ఇద్దరు పలకరించారు. సంగతి అప్పుడే అక్కడిదాకా వచ్చినట్టుంది, ఒకడు "ఏం ఇస్తారి, రాత్రికి ఏం వండుతున్నవ్?" అన్నాడు. ఇస్తారి కట్టె మీద ఆగి, "ఉల్లిగడ్డ పులుసు, ఎండుచేప ఏసి. నీ ఇంట్ల ఏంది?" అన్నాడు. వాడికి తన ఇంట్లో ఏమిటో తెలియదు. పక్కవాడు వాణ్ణి చూసి నవ్వాడు.

ఉల్లిగడ్డలు అమ్మే పోచవ్వ గోనె పరుచుకుని కూర్చుంది. దౌల్తాబాద్ వైపు నుంచి వచ్చిన గడ్డలు, ఎర్రగా, మట్టి ఆరి ఉన్నాయి. ఇస్తారి వంగలేడు. కట్టె చంకలో పెట్టుకుని చెయ్యి చాపితే పోచవ్వ గంపే ఎత్తి పట్టింది. అతను ఒక్కొక్కటే తీసి, మెడ దగ్గర బొటనవేలితో నొక్కి, గట్టివి సంచిలో వేసుకుని మెత్తనివి గంపలోకి వదిలేస్తున్నాడు. గంప బరువుకు పోచవ్వ చేతులు నొప్పిపుట్టాయి.

"ఏమయ్య, పిల్లకు సంబంధం చూస్తున్నవా, ఉల్లిగడ్డలు కొంటున్నవా? ఇంట్ల ఆడోళ్లు లేరా, నువ్వొచ్చినవ్?"

"ఇద్దరున్నరు," అన్నాడు ఇస్తారి, ఇంకో గడ్డ మెడ నొక్కుతూ. "వాళ్లకు ఏరుడు రాదు. గంప జర పైకి పట్టు."